రోడ్డు మీద వేరు, షెడ్డులో ఒకటి: పాత స్పోర్ట్స్ కార్లకు జత కుదిరేదెలా

1977లో ఫ్రాన్స్‌లోని ములూజ్ పట్నంలో ఒక వింత బయటపడింది. ఉన్ని మిల్లులు మూతపడి రోడ్డున పడ్డ కార్మికులు యజమానుల ఆవరణలోకి చొరబడితే, లోపల తళతళా మెరిసే పాత కార్లు వరసల కొద్దీ కనిపించాయి. ఫ్రిట్జ్, హాన్స్ ష్లుంఫ్ అనే అన్నదమ్ములు ఏళ్ల తరబడి గుట్టుగా పోగేసిన సొత్తు అది. వాటిలో వందకు పైగా ఒక్క బుగాటీ కంపెనీవే. 1964లో అమెరికాలోని ఇల్లినాయిస్‌లో ఒక ఆసామి దగ్గర 30 బుగాటీలు ఉన్నాయని తెలిసి, మొత్తం 30నీ ఒకే బేరంలో కొని, రైలెక్కించి, సముద్రం దాటించి తెచ్చుకున్న ఘనులు వాళ్లు. అన్నదమ్ములు దేశం విడిచి పోయారు. కార్లు మాత్రం అక్కడే ఉండి, ఇప్పుడు మ్యూజియం అయ్యాయి.

ష్లుంఫ్‌లది పిచ్చి అని తేల్చేయడం తేలికే. ఆవకాయ ఎంత బావున్నా విస్తరినిండా ఆవకాయే వడ్డించరు కదా అనిపిస్తుంది. కానీ వాళ్ల పద్ధతిలో ఒక లెక్క ఉంది. ఒకే కంపెనీ కార్లు వంద ఉంటే, విడిభాగాలు ఒకదానివి ఇంకోదానికి పనికొస్తాయి, మిస్త్రీల చేతులు ఒకే పనికి అలవాటు పడతాయి. ఆ లెక్క షెడ్డుకి సరిపోతుంది. నడిపేవాడికి సరిపోదు.

పాత కార్లు సేకరించే ప్రతి ఇంట్లోనూ ఇద్దరు మనుషులు ఉంటారు, చాలాసార్లు ఒకే శరీరంలో. ఆదివారం పొద్దున్నే కారు తీసుకుని పోయేవాడు ఒకడు. శనివారం రాత్రి దాని కింద పడుకుని నట్లు బిగించేవాడు ఇంకొకడు. మొదటివాడికి ఒక కారుకీ ఇంకో కారుకీ తేడా కావాలి. రెండోవాడికి పోలిక కావాలి. మూడు కార్లకే చోటు, మూడింటికే డబ్బు ఉన్న మనిషి వీళ్లిద్దరి మధ్య రాజీ కుదర్చాలి. పత్రికల్లో, వేలంపాటల కేటలాగుల్లో కనిపించే సలహా అంతా మొదటివాడి కోసం రాసిందే. అందుకే పేరున్న మూడు కార్లు కొన్నాక, రెండేళ్లకే రెండు కార్లు గుడ్డ కప్పుకుని మూల కూర్చుంటాయి.

మొదటి కారు విషయంలో ఎవరికీ సలహా చెప్పక్కర్లేదు. అది మనసు పడి కొనేది, దానికి లాజిక్ ఉండదు. ఆలోచన మొదలవ్వాల్సింది రెండో కారు దగ్గర. అప్పుడు చూడాల్సింది కొనబోయే కారు గొప్పలకన్నా ముందు, ఇప్పటికే ఉన్న కారుకి ఏం చేతకాదో. ఒక నిజమైన ఉదాహరణ తీసుకుంటే ఇది తేటపడుతుంది. మొదటి కారు జాగ్వార్ ఇ-టైప్ అనుకుందాం.

1961 మార్చిలో జెనీవా మోటార్ షోలో ఇ-టైప్ జనానికి కనిపించింది. 3.8 లీటర్ల ఇంజిన్, వరసగా ఆరు సిలిండర్లు, 265 హార్స్‌పవర్. గంటకి 150 మైళ్లు, అంటే 240 కిలోమీటర్లు పోతుందని కంపెనీ చెప్పుకుంది. షోకి వచ్చినవాళ్లకి నడిపి చూపించడానికి ఒక్క కారు చాలకపోతే, కంపెనీ టెస్ట్ డ్రైవర్ నార్మన్ డ్యూయిస్ ఇంగ్లండ్‌లోని కోవెంట్రీ నుంచి ఇంకో కారుని రాత్రికి రాత్రి తోలుకుంటూ జెనీవా చేర్చాడు. ఆ కారు దేనికి పుట్టిందో ఈ ఒక్క సంగతి చెప్పేస్తుంది. పొడుగాటి రోడ్డు, పెద్ద ఇంజిన్, కాలు నొక్కి పెట్టి గంటల తరబడి పోవడం.

మరి దానికి చేతకానిది? ట్రాఫిక్. ముందువైపు అంత పొడుగు బానెట్ ఉంటే, సందులోంచి మలుపు తిరిగేటప్పుడు ముక్కు ఎక్కడుందో కూర్చున్నవాడికి కనపడదు. 3.8 లీటర్ల మోడల్‌లో మొదటి గేరుకి సింక్రో (గేరు పళ్ల వేగాలు కలిపి మెత్తగా పడేట్టు చేసే ఏర్పాటు) లేదు, కాబట్టి కారు పూర్తిగా ఆగకుండా ఫస్ట్ గేరు వేస్తే గరగరమంటుంది. సిగ్నల్ దగ్గర పది నిమిషాలు నిలబడితే టెంపరేచర్ ముల్లు పైకి పాకుతుంది, నడిపేవాడికి టెన్షన్ కూడా దానితోపాటే పాకుతుంది. 1964లో వచ్చిన 4.2 లీటర్ల మోడల్‌లో గేర్‌బాక్సు, సీట్లు, బ్రేకులు మెరుగుపడ్డాయి. వాడుకునేవాడికి అదే మంచిది, మార్కెట్‌లో మొదటి మోడల్‌కి ఎంత మోజున్నా సరే. వెనక బ్రేకు డిస్కులు చక్రాల దగ్గర ఉండవు, లోపల, ఇంజిన్ శక్తిని రెండు వెనక చక్రాలకీ పంచే డిఫరెన్షియల్‌ని ఆనుకుని ఉంటాయి. ఆ డిస్కులు మార్చాలంటే వెనక సస్పెన్షన్ మొత్తాన్ని దించుకోవడమే మేలంటారు మెకానిక్‌లు. బ్రేకు ప్యాడ్లు మార్చే పని అని మొదలుపెడితే వారం పోతుంది.

ఇప్పుడు దీనికి జతగా పోర్షే 911 ఎందుకు బావుంటుందో చూద్దాం. 1963లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో 901 అనే పేరుతో చూపించారు. మధ్యలో సున్నా ఉన్న మూడంకెల పేర్లు తమవని పూజో కంపెనీ అడ్డు చెప్పడంతో 911 అయింది. 2 లీటర్ల ఇంజిన్, 130 హార్స్‌పవర్, అంటే ఇ-టైప్‌లో సగం. ఇంజిన్ వెనక ఇరుసుకి కూడా అవతల వేలాడుతూ ఉంటుంది. నీళ్లు లేవు, రేడియేటర్ లేదు, గాలితోనే చల్లబడుతుంది. మరిగిపోతుందేమో అన్న బెంగ ట్రాఫిక్‌లో ఉండదు. కారు పొట్టి, అద్దాలు పెద్దవి, నాలుగు మూలలూ కనపడతాయి. ఇ-టైప్ ఎక్కడ ఇబ్బంది పెడుతుందో సరిగ్గా అక్కడ 911 హాయిగా ఉంటుంది.

అసలు తేడా మలుపులో తెలుస్తుంది. ఇ-టైప్‌ని కాస్త వేగంగా మలుపులోకి దింపితే ముందు చక్రాలు బరువుగా బయటికి జారాలని చూస్తాయి. యాక్సిలరేటర్ వదిలితే ముక్కు సర్దుకుంటుంది, భయపడ్డ మనిషి సహజంగా చేసే పని అక్కడ పనికొస్తుంది. పాత 911లో అదే భయంతో అదే పని చేస్తే కారు తిరగబడినంత పని చేస్తుంది. కాలు తీయగానే బరువంతా ముందుకి పోతుంది, వెనక చక్రాల పట్టు సడలుతుంది, అక్కడ వేలాడుతున్న ఇంజిన్ తాడుకి కట్టిన రాయిలా బయటికి ఊగుతుంది. అందుకని 911 నడిపేవాడు బ్రేకు పని తిన్నని రోడ్డు మీదే ముగించుకుని, మలుపులో కాలు యాక్సిలరేటర్ మీద నిలకడగా ఉంచడం నేర్చుకుంటాడు. ఈ గుణం కంపెనీకీ తెలుసు. 1969 మోడల్ నుంచి ఇంజిన్‌ని ఉన్నచోటే ఉంచి వెనక చక్రాలను వెనక్కి జరిపారు. రెండు ఇరుసుల మధ్య దూరం 2,211 మిల్లీమీటర్ల నుంచి 57 మిల్లీమీటర్లు పెరిగింది. బొటనవేలి పొడవంత సవరణ, కానీ అంతకుముందు కారునీ దీన్నీ వెంటవెంటనే నడిపినవాళ్లు ఆ తేడా మర్చిపోరు.

ఈ రెండు కార్లు పక్కపక్కన ఉన్నప్పుడు ఒకటి ఇంకోదానికి వ్యాఖ్యానంలా పనిచేస్తుంది. ఇ-టైప్ దిగి 911 ఎక్కితే, బరువు ఎక్కడుందన్నది ఎంత పెద్ద విషయమో చేతులకి తెలుస్తుంది. మంచి జత అంటే ఇదే.

అయితే ఇదే జత రెండో మనిషిని ఎలా వేధిస్తుందో కూడా చూడాలి. పొద్దున్నే బండి తీసేముందు ఇంజిన్ ఆయిల్ చూడటం పాత కార్ల ఇళ్లలో సంధ్యావందనం లాంటిది. ఇ-టైప్‌లో బానెట్ మొత్తాన్ని ముందుకి వంచి, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు డిప్‌స్టిక్ లాగి, తుడిచి, మళ్లీ పెట్టి చూస్తారు. గీతల మధ్య ఉంటే సరే. అదే చేత్తో, అదే గుడ్డతో 911 దగ్గరికి వెళ్లి డిప్‌స్టిక్ లాగితే చుక్క ఆయిల్ కనపడకపోవచ్చు. అందులో ఆయిల్ ఇంజిన్ అడుగున కాకుండా వేరే ట్యాంకులో ఉంటుంది. బండి ఆపి ఉంచినకొద్దీ కొంత ఆయిల్ ట్యాంకులోంచి ఇంజిన్‌లోకి దిగిపోతుంది. సరైన పద్ధతి ఏమిటంటే, కారు బాగా తిరిగి ఇంజిన్ వేడెక్కాక, సమతలంగా ఉన్నచోట నిలిపి, ఇంజిన్ ఆన్‌లోనే ఉంచి చూడటం. ఇది తెలియక చల్లటి ఇంజిన్‌లో లీటరో రెండు లీటర్లో పోసేస్తే, వేడెక్కాక ఎక్కువైన ఆయిల్ గాలి దారిలోకి పోయి వెనక తెల్లటి పొగ మేఘంలా లేస్తుంది. 1972 మోడల్‌కైతే ఆయిల్ పోసే మూత కుడివైపు వెనక రెక్క మీద, పెట్రోల్ మూతలాగే పెట్టారు. బంకుల్లో కుర్రాళ్లు అందులో పెట్రోల్ పోసేయడంతో ఆ ఏర్పాటు ఒక్క ఏడాదికే ముగిసింది.

పనిముట్ల సంగతి ఇంకో తలనొప్పి. ఇ-టైప్ నట్లు అంగుళాల లెక్కవి, 911వి మిల్లీమీటర్లవి. రెండు సెట్ల స్పానర్లు కావాలి. ఇ-టైప్‌కి మూడు కార్బురేటర్లు, అంటే పెట్రోల్‌నీ గాలినీ కలిపి ఇంజిన్‌కి అందించేవి, ఎస్‌యూ కంపెనీవి. వాటి మూడింటి గొంతూ ఒకేలా పలికేట్టు, చెవిని రబ్బరు గొట్టానికి ఆనించి గాలి చప్పుడు విని సరిచేసే మనిషి దొరకాలి. ఆ మనిషికి 911 కార్బురేటర్లు రాకపోవచ్చు. ఇద్దరు మెకానిక్‌లు, రెండు రకాల ఆయిల్, రెండు దేశాల నుంచి విడిభాగాలు. జత ఎంత గొప్పదైతే షెడ్డు ఖర్చు అంత పెరుగుతుంది. ఈ మాట ఎవరూ ముందుగా చెప్పరు.

మూడో కారు దగ్గర ఇదంతా లెక్కలోకి రావాలి. ఇప్పటికే ఉన్న రెండూ బరువులో, ధరలో, గారాల్లో పెద్దవి. వాటికి లేనిది తేలికదనం. తేలికదనం అనగానే గుర్తొచ్చేది లోటస్ ఎలాన్. 1962లో కాలిన్ చాప్‌మన్ కంపెనీ తెచ్చిన ఈ కారు బరువు సుమారు 680 కిలోలు. మధ్యలో వెన్నెముకలాంటి ఉక్కు ఛాసిస్, పైన ఫైబర్ గ్లాస్ ఒళ్లు, ఫోర్డ్ ఇంజిన్ మీద తమ సొంత డబుల్ క్యామ్ హెడ్డు. దాని స్టీరింగ్ లాంటిది ఇంకోటి లేదని నడిపినవాళ్లు అరవై ఏళ్లుగా చెబుతూనే ఉన్నారు.

కానీ ఎలాన్‌లో ఒక చమత్కారం ఉంది. దాని దీపాలు బానెట్‌లోంచి పైకి లేస్తాయి. ఇంజిన్ పీల్చే గాలి వ్యాక్యూమ్‌తో వాటిని లేపుతారు. ఆ వ్యాక్యూమ్ నిలవ చేసుకోవడానికి వేరే డబ్బా పెట్టడం దండగ అనుకున్న చాప్‌మన్ మనుషులు, ఛాసిస్ ముందు అడ్డ దూలాన్నే డబ్బాగా వాడేశారు. బరువు తగ్గించే తెలివి అంటే అలా ఉంటుంది. అరవై ఏళ్లు గడిచాక ఆ దూలానికి తుప్పు పట్టి చిల్లులు పడితే, తొలి మోడళ్లలో రాత్రిపూట దీపాలు నిద్రమత్తులో కళ్లు మూతపడినట్టు దిగిపోతాయి. అంటే దీపం సమస్య అని షెడ్డుకి తెస్తే, బయటపడేది ఛాసిస్ సమస్య. వెనక చక్రాలకి శక్తి అందించే రబ్బరు కప్లింగులు కూడా వయసు మీద పడితే తెగుతాయి. రెండు గారాల కార్ల పక్కన మూడో గారాల కారు పెడితే, ఆదివారం పొద్దున నమ్మకంగా స్టార్టయ్యేది ఇంట్లో ఏదీ ఉండదు.

అందుకే ఇక్కడ మొగ్గు మజ్దా ఎంఎక్స్-5 వైపు. 1989లో షికాగో ఆటో షోలో వచ్చింది. 1.6 లీటర్ల ఇంజిన్, బరువు వెయ్యి కిలోల లోపే, వెనక చక్రాల డ్రైవ్, చేత్తో వెనక్కి తోసేసే గుడ్డ టాపు. మజ్దావాళ్లు ఎలాన్‌ని దగ్గర పెట్టుకుని చూశారన్న సంగతి దాని ముఖం చూస్తేనే తెలుస్తుంది. లేచే దీపాలతో సహా. తేడా ఏమిటంటే ఇక్కడ దీపాలను లేపేది మోటారు. తాళం తిప్పితే స్టార్టవుతుంది, వానొస్తే టాపు కారదు, విడిభాగాలు ఎక్కడైనా దొరుకుతాయి. పది లక్షలకు పైగా అమ్ముడైన కారుని సేకరణలో పెట్టుకోవడం కొందరికి నామోషీ. కానీ మిగతా రెండూ ఎప్పుడైనా విప్పి పడేసి ఉండొచ్చు గనక, సేకరణ మొత్తాన్ని బతికించేది అదే. బళ్లు తిప్పేవాళ్లు చెప్పే ఒక నియమం కూడా ఇక్కడే అతుకుతుంది: ఒకేసారి రెండు కార్లు విప్పకూడదు.

కొన్ని జతలు మాటల్లో బావుంటాయి, గ్యారేజీలో బావుండవు. 1969 చివర్లో వచ్చిన డాట్సన్ 240జెడ్ అలాంటిదే. పొడుగాటి బానెట్, వెనక వాలు కప్పు, వరసగా ఆరు సిలిండర్లు, 2.4 లీటర్లు. అమెరికాలో 3,526 డాలర్లకే అమ్మారు, ఇ-టైప్ ధరకి దరిదాపుల్లో లేదు. ఒక బ్రిటిష్ ఆలోచనకి జపాన్‌వాళ్లు ఇచ్చిన జవాబుగా రెండింటినీ పక్కపక్కన పెడితే చెప్పుకోవడానికి మంచి కథే. కానీ రెండూ చేసే పని ఒకటే కావడంతో, తాళాలు రెండూ చేతిలో ఉన్నప్పుడు నడిపేవాడు ప్రతిసారీ ఒకదాన్నే తీస్తాడు. రెండోది బ్యాటరీ చచ్చి పడి ఉంటుంది. మిస్త్రీకీ లాభం లేదు, ఎందుకంటే నట్టు నుంచి వైరు దాకా రెండింటికీ పొత్తే లేదు. రెండువైపులా తప్పిన జత ఇది.

దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ ఇటలీలో ఉంది, అయితే అది కోటీశ్వరుల వ్యవహారం. లంబోర్గినీ 1966లో మియూరా తెచ్చింది. 12 సిలిండర్ల ఇంజిన్‌ని అడ్డంగా, సీట్ల వెనక పెట్టిన కారు. లంబోర్గినీ ఫ్యాక్టరీకి గంట ప్రయాణం కూడా లేని మారనెల్లోలో ఫెరారీ దాన్ని చూసి కూడా, 1968లో తన కొత్త కారు 365 జీటీబీ/4కి ఇంజిన్ ముందే పెట్టింది. అదే డేటోనా అని జనం పిలుచుకునే కారు. 1967 డేటోనా రేసులో ఫెరారీలు మొదటి మూడు స్థానాలూ కొట్టడంతో వచ్చిన వాడుక పేరు అది. అంత శక్తి ఉన్న కారులో ఇంజిన్ మధ్యలో పెట్టి మామూలు కొనుగోలుదారుల చేతికివ్వడం ప్రమాదమని ఫెరారీ అభిప్రాయం. 12 సిలిండర్ల ఇంజిన్ మధ్యలో పెట్టిన రోడ్డు కారుని ఆ కంపెనీ అమ్మడం మొదలుపెట్టేసరికి 1973 వచ్చింది. మియూరా పక్కన డేటోనా ఉంటే రెండు పక్కింటి వాదనలూ వినపడతాయి. రెండూ దాదాపు 350 హార్స్‌పవర్ కార్లే. కానీ ఒకటి పెట్రోల్ ట్యాంకు ఖాళీ అయ్యేకొద్దీ ముందుభాగం తేలిపోతూ నడిపేవాడిని గుప్పిట్లో పెట్టుకుంటుంది. ఇంకోటి బరువైన స్టీరింగ్‌తో, రోజంతా అదే వేగంతో పోతుంది. ఈ జత చూడ్డానికి ఒకేలా అనిపించినా నడపడంలో ఉత్తర దక్షిణాలు. పైగా ఆ ఊళ్లలో పాత తరం మిస్త్రీలు రెండు కంపెనీల కార్లూ ఎరుగుదురు.

ధరల మాట ఎత్తకపోతే కొందరికి వ్యాసం పూర్తయినట్టుండదు. 2018లో ఒక ఫెరారీ 250 జీటీవో వేలంలో 4.84 కోట్ల డాలర్లకు పోయింది. మొత్తం తయారైనవే 36. 2022లో మెర్సిడెస్ 300 ఎస్ఎల్ఆర్ కూపే ఒకటి 13.5 కోట్ల యూరోలు పలికింది. ఇవి విని పాత కారు కొంటే లాభమే అనుకునేవాళ్లు, 1980ల చివర ఆకాశానికెక్కిన ఫెరారీ ధరలు 1990ల మొదట్లో ఎలా కూలాయో కూడా వినాలి. మూడు కార్లూ ఒకే కంపెనీవి, ఒకే దశకంవి అయితే, మోజు తగ్గినప్పుడు మూడూ కలిసే పడతాయి. ఎక్కడా గీత పడకుండా కాపాడుకునే కారు ఒకటే ఉండాలి. మిగతావి వానలో తడిసినా, కంకర తగిలినా ప్రాణం పోనివి కావాలి. లేకపోతే మ్యూజియం కాపలాదారు బతుకే.

మళ్లీ షెడ్డులోకి వద్దాం, ఎందుకంటే ఖర్చు పుట్టేది అక్కడే. తిరగని కారు తిరిగే కారు కన్నా త్వరగా పాడవుతుంది. టైర్ల మీద గాడి ఎంత ఉన్నా, రబ్బరు గట్టిపడితే తడి రోడ్డు మీద పట్టు ఉండదు. టైరు గోడ మీద కోడిగుడ్డు ఆకారంలో ఉన్న గడిలో నాలుగంకెలు ఉంటాయి, 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. ఆరేళ్లు దాటాక ఏటా చూసుకోవాలి, పదేళ్లు దాటితే ఎంత కొత్తగా కనపడ్డా తీసేయాలి. పెట్రోల్‌ది ఇంకో గొడవ. మన బంకుల్లో ఇప్పుడు పోసేది 20 శాతం ఇథనాల్ కలిసిన ఇ20. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, 1960ల నాటి రబ్బరు గొట్టాలను మెత్తబరుస్తుంది, ట్యాంకులో తుప్పుకి తోడవుతుంది. నెలల తరబడి కదలని కారులో అది నిలవ ఉంటే కార్బురేటర్ జెట్లు (పెట్రోల్ వచ్చే సన్నటి రంధ్రాలు) జిగురుతో మూసుకుపోతాయి. సీసం కలిపిన పెట్రోల్ కోసం తయారైన ఇంజిన్లకి, సీసం పోయాక వాల్వు సీట్లు గట్టివి వేయించాల్సి వచ్చింది. ఎన్ని కార్లుంటే అన్నిసార్లు ఈ పనులన్నీ. మూడు కార్లకీ ఒకే రకం గొట్టాలు, ఒకే రకం జెట్లు అయితే ఒక పొట్లం తెచ్చుకుంటే సరిపోతుంది. పోలిక విలువ ఇక్కడ తెలుస్తుంది.

ఈ పోలికల్లో తెలుగువాళ్లకి బాగా దగ్గరిది ఒకటుంది. 1955లో ఎంజీఏ అనే బ్రిటిష్ స్పోర్ట్స్ కారు వచ్చింది. దాని ఇంజిన్ బీఎంసీ కంపెనీ బి-సిరీస్, 1,489 సీసీ. అదే కుటుంబం ఇంజిన్, అవే 1,489 సీసీలతో దశాబ్దాలపాటు మన అంబాసిడర్‌లో తిరిగింది. కలెక్టరాఫీసు ముందు నిలబడ్డ తెల్ల అంబాసిడర్‌కీ, ఇంగ్లండ్ పల్లె రోడ్ల మీద టాపు తీసి తిరిగిన ఎంజీఏకీ బానెట్ కింద చుట్టరికం ఉందన్నమాట. 1962లో వచ్చిన ఎంజీబీలో అదే ఇంజిన్‌ని 1,798 సీసీకి పెంచారు. 1980 దాకా ఐదు లక్షలకు పైగా తయారైన ఎంజీబీకి విడిభాగాల కొరత లేదు. 1988 నుంచి ఇంగ్లండ్‌లో దాని బాడీ షెల్లు కూడా కొత్తగా తయారవుతోంది. తుప్పు పట్టిన కారులోంచి ఇంజిన్, సీట్లు, గాజులు తీసి కొత్త ఒంట్లో పెట్టుకోవచ్చు. వేగం కోరేవాడికి ఎంజీబీ చప్పగా ఉంటుంది, అది నిజమే. ఇ-టైప్ ఉన్న ఇంట్లో మాత్రం అది చక్కగా ఇముడుతుంది. రెండింటికీ అంగుళాల స్పానర్లే, ఎస్‌యూ కార్బురేటర్లే, లూకాస్ కరెంటు సామానే. ఎస్‌యూ కార్బురేటర్ పైనున్న గుండీ విప్పి, దాని కింద డాష్‌పాట్ అనే గొట్టంలో నాలుగు చుక్కల ఆయిల్ పోసే అలవాటు ఒక్కటే చాలు. రోడ్డు మీద మాత్రం ఒకటి ఖండాలు దాటే గుర్రం, ఇంకోటి సంతకి పోయే పొట్టి గుర్రం.

ఇదంతా మన దేశంలో ఎంతవరకు పనికొస్తుందన్నది వేరే ప్రశ్న. 2021లో కేంద్ర రోడ్డు రవాణా శాఖ పాత బళ్లకి ప్రత్యేక రిజిస్ట్రేషన్ పెట్టింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న వాహనాలకే అది. నంబరు ప్లేటులో రాష్ట్రం అక్షరాల తర్వాత వీఏ అని వస్తుంది. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు, పదేళ్లకి చెల్లుతుంది, తర్వాత రెన్యువల్‌కి 5,000. మెలిక ఏమిటంటే, ఆ బండిని ప్రదర్శనకి, ర్యాలీకి, సాంకేతిక పరిశోధనకి, పెట్రోల్ పోయించుకోవడానికి, మరమ్మతుకి తప్ప రోడ్డెక్కించకూడదు. రోజూ ఆఫీసుకి వేసుకుపోయే కారుగా అది పనికిరాదు. దాంతో దూర ప్రయాణం కారు, ట్రాఫిక్ కారు అన్న విభజనకి ఇక్కడ అర్థం తగ్గిపోతుంది. మొదటి తరం ఎంఎక్స్-5కి ఇంకా 50 ఏళ్లు నిండలేదు, అది ఇక్కడ అమ్మనూ లేదు. అమెరికాలో స్థిరపడ్డ తెలుగువాళ్లకి ఈ ఇబ్బంది లేదు. 25 ఏళ్లు దాటిన విదేశీ కారుని భద్రతా ప్రమాణాల గొడవ లేకుండా అక్కడికి తెప్పించుకోవచ్చు.

ఇక్కడే ఉండి, తక్కువ ఖర్చులో జత కుదుర్చుకోవాలనుకునేవాడికి మద్రాసు పరిష్కారం ఒకటుంది. స్టాండర్డ్ కంపెనీ 1960ల మొదట్లో అక్కడ తయారుచేయడం మొదలుపెట్టిన హెరాల్డ్, బ్రిటన్‌లో ట్రయంఫ్ హెరాల్డ్. కింద విడిగా ఛాసిస్, పైన ముక్కలు ముక్కలుగా బోల్టులతో బిగించిన బాడీ. దాని రూపం గీసింది ఇటలీకి చెందిన మికెలోట్టి. 1962లో బ్రిటన్‌లో ట్రయంఫ్ కంపెనీ హెరాల్డ్ ఛాసిస్‌ని కుదించి, ఇరుసుల మధ్య ఎనిమిదిన్నర అంగుళాలు తగ్గించి, మికెలోట్టి చేతే ఇంకో ఒళ్లు గీయించి, స్పిట్‌ఫైర్ అనే రెండు సీట్ల స్పోర్ట్స్ కారు చేసింది. మద్రాసు హెరాల్డ్ ఇంజిన్ 948 సీసీ, తొలి స్పిట్‌ఫైర్‌ది 1,147 సీసీ, రెండూ ఒకే కుటుంబం. సస్పెన్షన్ ఒకే రకం, ఊగే ఇరుసుతో సహా. మలుపులో గట్టిగా పోతూ కాలు తీసేస్తే వెనక చక్రం లోపలికి ముడుచుకునే గుణం కూడా రెండింటికీ ఉంది. స్పిట్‌ఫైర్ కొనేటప్పుడు తలుపుల కింది పట్టీలను వేలితో తట్టి చూడాలి. హెరాల్డ్‌లో వాటి మీద పెద్ద భారం ఉండదు. స్పిట్‌ఫైర్‌లో ఛాసిస్ సన్నబడిన చోట ఆ పట్టీలే కారుని మోస్తాయి, అక్కడ తుప్పుంటే తలుపులు సరిగ్గా మూసుకోవు.

కుటుంబంతో ర్యాలీకి పోవడానికి హెరాల్డ్, టాపు తీసి ఒంటరిగా పోవడానికి స్పిట్‌ఫైర్. రెండు కార్ల ముందుభాగం మొత్తం, మడ్‌గార్డులతో సహా, ముక్కు దగ్గర కీలు మీద ముందుకి వాలుతుంది. మిస్త్రీ ముందు టైరు మీద కూర్చుని రెండింటికీ అదే స్పానరుతో ప్లగ్గులు విప్పుకోవచ్చు.